ధాయా కోట మెట్ల మీద పసుపు

అది 2009, చలికాలం. దుబాయ్‌లో కరామా అనే పేటలో ఉంటూ ఒక చిన్న ట్రావెల్ కంపెనీలో టూర్ గైడ్‌గా పనిచేస్తున్న రోజులు. మన తెలుగువాళ్ల బస్సు ఏదొచ్చినా నాకే అంటగట్టేవారు. మెల్లగా మాట్లాడతానని, విసుక్కోనని నాకు పేరు. లోపల ఎంత విసుక్కునేదాన్నో మీ తాతయ్యనడిగితే చెబుతారు. "గైడంటే హాయిగా ఊళ్లు చూస్తూ తిరగడమేగా అమ్మమ్మా" అన్నారు మీరిద్దరూ మొన్న ఫోన్లో. ఆ హాయి ఎలా ఉండేదో చెబుతాను, వినండి.

దుబాయ్‌కి ఉత్తరాన రస్ అల్ ఖైమాలో ధాయా అని ఒక కొండకోట ఉంది. పదహారో శతాబ్దం నాటిదంటారు. చుట్టూ బోడికొండలు, కింద ఖర్జూర తోటలు, ఆ తోటలు దాటితే సముద్రం. కొండ నెత్తిన రాయీ మట్టీ కలిపి కట్టిన రెండు బురుజులు, వాటిని కలుపుతూ గోడ. అంతే. కానీ పైనుంచి చూస్తే కొండలూ తోటలూ సముద్రమూ ఒక్క చూపులో కనిపిస్తాయి. ఆ దేశంలో అలాంటి చోటు నాకు మరొకటి తెలియదు.

ఆ శుక్రవారం బస్సు అల్ కుసైస్‌లో ఎక్కాల్సినవాళ్ల కోసం చాలాసేపు ఆగింది. ఒకరు ఇడ్లీలు మరిచారు, ఇంకొకరు పిల్లాడి టోపీ మరిచారు. నేను మూడుసార్లు హెడ్ కౌంట్ చేశాను. హెడ్ కౌంటంటే తలలు లెక్కపెట్టుకోవడం. మూడుసార్లూ మూడు లెక్కలు వచ్చాయి. దారిలో మైకు పట్టుకుని కామెంటరీ, అంటే కోట కథ, మొదలుపెట్టానో లేదో వెనకనుంచి అంత్యాక్షరి అందుకున్నారు. మైకు కట్టేసి కూర్చున్నాను.

కొండ కింద దిగగానే మూర్తిగారనే పెద్దమనిషి, ఏ ఊరెళ్లినా ఇంకో ఊరితో పోల్చే రకం, మొదటి మెట్టు దగ్గర నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టారు.

"ఏంటండీ మూర్తిగారూ?"

"గోల్కొండలో కింద చప్పట్లు కొడితే పైన వినపడుతుంది మేడమ్. ఇక్కడ వినపడుతుందా అని."

"పైన ఎవరూ లేరండీ వినడానికి."

"అయితే ఏం కోట? దీనికోసమా ఇంత దూరం తెచ్చారు?"

అందర్నీ ముందు పంపి చివర నేను ఎక్కడం మొదలుపెట్టాను. నాలుగు మెట్లు ఎక్కానో లేదో కాలికింద పచ్చగా కనిపించింది. ప్రతి మెట్టుకీ పసుపు రాసి, మధ్యలో కుంకుమబొట్టు. తలెత్తి చూస్తే, వరలక్ష్మమ్మగారు నడుం వంచి, ఒక్కో మెట్టుకీ వేలితో శ్రద్ధగా పూస్తూ పోతున్నారు. తణుకు నుంచి విజిట్ వీసా మీద కొడుకు ప్రసాద్ దగ్గరికి వచ్చిన పెద్దావిడ.

"పిన్నిగారూ! ఏం చేస్తున్నారు?"

"మెట్లపూజమ్మా. మావాడి ఉద్యోగం నిలబడితే కొండ మెట్లన్నిటికీ పసుపు రాస్తానని మొక్కుకున్నా. ఊరెళ్లేదాకా ఆగితే ఈలోపే వాణ్ణి పీకేస్తారేమో. అందుకే ముందే చేసేస్తున్నా."

"ఇది దేవుడి కొండ కాదండీ. ఇక్కడ గుడి లేదు."

"కొండంటే కొండేనమ్మాయ్. పైన ఎవరో ఒకరు ఉంటారుగా."

ఆ ఏడాది ఎవరి ఉద్యోగమూ నిలకడగా లేదు. మాంద్యం వచ్చి, కట్టే బిల్డింగులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ప్రసాద్ సైట్ ఇంజనీరు. వాళ్ల ఆఫీసులో సగం కుర్చీలు అప్పటికే ఖాళీ. ఆవిడ భయం నాకు అర్థమైంది. అర్థమైనా ఏం లాభం? ఆ మెట్లు ప్రభుత్వం కాపాడుతున్న పాత కట్టడానివి. వాటిమీద రంగు పూస్తే కేసు. కేసు పడేది విజిట్ మీద వచ్చిన తల్లి ఒక్కదానిమీదే కాదు, ఆవిడకి వీసా తీసిన కొడుకు మీద కూడా. పోలీస్ స్టేషన్ నుంచి ఒక్క ఫోన్ వెళితే చాలు, మనుషుల్ని తగ్గించుకోవడానికి సాకు వెతుకుతున్న కంపెనీకి అది పండగే. ఏ ఉద్యోగం కోసం పసుపు రాస్తోందో ఆ ఉద్యోగానికే ఎసరు పెడుతోంది ఈవిడ!

ఈలోగా కింద కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ రానే వచ్చాడు. ఆ ఊరి ముసలాయన, తెల్లటి కందూరా, అంటే పాదాలదాకా ఉండే అరబ్బు చొక్కా, తొడుక్కుని, చేతిలో ఫోన్ పట్టుకుని.

"హాదా క్యా హై? కౌన్ కియా?" ఇదేంటి, ఎవరు చేశారని.

ప్రసాద్ పైనుంచి పరిగెత్తుకొచ్చాడు. "ఆంటీ, ఆయన ఫోన్ చేస్తే నేను ఖలాస్. అమ్మా, నీకు పసుపెవరిచ్చారే?"

"ఎవరివ్వాలి? నా సంచీలో ఎప్పుడూ ఉంటుంది."

నేను ముసలాయనకి వచ్చీరాని హిందీలో చెప్పాను. ఇది రంగు కాదు, వంటలో వేసుకునే పసుపు. కొడుకు ఉద్యోగం కోసం తల్లి చేసిన ప్రార్థన. తప్పే, కడిగేస్తాం. ఆయన పెద్దావిడ పచ్చటి వేళ్లకేసి చూశాడు. ప్రసాద్‌కేసి చూశాడు. ఫోన్ జేబులో పెట్టలేదు, నొక్కనూ లేదు.

"సాఫ్ కరో. పూరా. మై దేఖేగా." మొత్తం శుభ్రం చేయండి, నేను చూస్తానని.

పసుపు సంగతి మీకు తెలుసుగా, తుడిస్తే ఇంకా పాకుతుంది. బస్సులోంచి తాగేనీళ్ల కార్టన్లన్నీ దింపాం. అంత్యాక్షరి పాడిన గొంతులన్నీ మూగబోయి, మెట్లమీద గొంతుక్కూర్చుని చేతిరుమాళ్లతో రుద్దాయి. మూర్తిగారు కూడా రుద్దారు. "గోల్కొండలో ఈ బాధ లేదు" అంటూనే రుద్దారు. ముసలాయన వెనకాలే దిగుతూ ఒక్కో మెట్టూ వంగి చూసి, "ఔర్, ఔర్", ఇంకా ఇంకా అంటాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. చివరికి కింది మెట్టు కూడా చూసి, "యల్లా, ఊపర్ జావ్", ఇక పైకి పదండి అని తన కుర్చీలోకి పోయి కూర్చున్నాడు. అప్పుడు జేబులో పెట్టాడు ఫోన్.

పైకి వెళ్లేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. నీడ లేదు. ఒక్క సీసాలోనూ చుక్క నీళ్లు లేవు. అందరూ గోడకి చేరబడి పెదాలు తడుపుకుంటున్నారు. అప్పుడు మొదలుపెట్టాను, మైకు లేకుండా.

"రెండొందల ఏళ్ల కిందట తెల్లవాళ్ల ఓడలు అదిగో ఆ సముద్రంలో ఆగాయి. కింద తోటల్లో ఉన్నవాళ్లు పిల్లాపాపలతో ఈ కొండెక్కేశారు. ఫిరంగులు ఈ గోడలమీదే పేలాయి. ఇక్కడ నీళ్లు లేవు. మీరు కూర్చున్నట్టే కూర్చున్నారు, రోజుల తరబడి. చివరికి లొంగిపోయారు."

మూర్తిగారు ఖాళీ సీసా మరోసారి వంచి చూసుకున్నారు. వరలక్ష్మమ్మగారు గోడ తడిమి అడిగారు. "పసిపిల్లల తల్లులు కూడానా?"

"కూడానండీ."

ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని సముద్రంకేసి చూస్తూ కూర్చున్నారు.

రెండు నెలలకి, ఆవిడ వీసా ఇంకా ఉండగానే, ఫోనొచ్చింది. "అమ్మాయ్, మావాడి ఉద్యోగం నిలబడింది. మొక్కు సగంలో ఆగింది కదా, మళ్లీ బస్సెప్పుడు?"

"పిన్నిగారూ, మీకు దండం పెడతాను. పసుపు మాత్రం..."

"పసుపు కాదులే, రానీ."

వచ్చారు. వెనకాల ప్రసాద్, రెండు భుజాలమీదా నీళ్ల కార్టన్లు మోసుకుంటూ, రొప్పుతూ. ఆవిడ ఆ మెట్లన్నీ ఆగి ఆగి ఎక్కి, పైన బురుజు పక్కన చలివేంద్రం పెట్టినట్టు కూర్చున్నారు. ఎక్కివచ్చిన ప్రతివాళ్లకీ, ఏ దేశంవాళ్లయినా సరే, ఒక సీసా చేతిలో పెట్టారు. "దాహంతో కూర్చున్నారన్నావుగా ఇక్కడ" అన్నారు నాతో. మొదటి సీసా మాత్రం కిందే ఇచ్చి వచ్చారట, కుర్చీలో ముసలాయనకి.

ఆ తర్వాత ఆ కోటకి ఎన్ని బస్సులు తీసుకెళ్లానో. బస్సులో కథ చెప్పడం మానేశాను. ఎక్కేటప్పుడు ఒక్క మాటే, సంచుల్లో ఏమేం ఉన్నాయో ముందే చెప్పండర్రా అని. కథ పైకెక్కాకే. గొంతెండినవాళ్లకి కోట గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. కాసేపు కూర్చోనిచ్చి, తర్వాత నీళ్లిస్తే చాలు.