అమ్మ పేరు పెట్టిన పురుగు

మా జువాలజీ మేడం గారు పోయారని గురువారం పొద్దున కొత్తపేట నుంచి వాళ్ల చెల్లెలు గారు ఫోన్ చేశారు. "అక్క నిద్రలోనే వెళ్లిపోయిందమ్మా" అన్నారు. "ఆయ్" అన్నాను. 

అమలాపురంలో మాకు డిగ్రీ పాఠాలు చెప్పారావిడ. పాఠాలు పోగా మిగిలిన కాలమంతా తామర పురుగులకే ఇచ్చారు. మిరపతోటల్ని పాడుచేసేవి కావు. ఎండిన కొబ్బరిమట్టల్లో బూజు తిని బతికే, ఎవరికీ పట్టని చిన్న ప్రజాతి. అందులో ఉన్నవే అయిదారు జాతులు. మట్టను తెల్లగుడ్డ మీద దులిపి, రాలిన నలుసుల్ని తడి కుంచెతో ఎత్తేవారు. మాలో ఎవరైనా తుమ్మితే అన్నీ ఎగిరిపోయేవి. కోప్పడేవారు కాదు. "మళ్లీ దులుపుదాం లెండి" అనేవారు.

ఒకసారి ముందుకాళ్లు సన్నగా ఉన్నది దొరికింది. పుస్తకాల్లో దేనితోనూ కలవలేదు. కొత్త జాతిగా ప్రకటించి దానికి వాళ్లమ్మగారి పేరు పెట్టారు. ఊడ్పులకు వెళ్లి కూతుళ్లను చదివించిన మనిషి, అప్పటికే లేరు. "మా అమ్మది ఫొటో ఒక్కటీ లేదమ్మా. పేరైనా ఉంటాది" అన్నారు మేడం గారు.

నేనూ లెక్చరర్‌నయ్యాక ఒక సెలవురోజు, ఐ.పోలవరం నుంచి తెచ్చిన మట్ట మేడం గారూ నేనూ కలిసి దులిపాం. ఆ ఒక్క మట్టలోనే సన్నకాళ్లవీ, లావుకాళ్లవీ, రెంటికీ మధ్యరకానివీ కనిపించాయి. లావుకాళ్లది ఎవరో ఎప్పుడో పేరు పెట్టిన పాత జాతి. ఆవిడ మైక్రోస్కోప్ మీంచి చాలాసేపు తల ఎత్తలేదు.

"రెండూ ఒకటేనమ్మా. తిండి దొరికినది పెద్దదైంది. దొరకనిది ఇలా సన్నంగా ఉండిపోయింది."

అలాంటప్పుడు పాత పేరే నిలుస్తుంది, కొత్తది రద్దవుతుంది. మా శాస్త్రంలో నియమం అది.

"ఎవరు చూడొచ్చేరండీ? వదిలెయ్యండి మేడం గారూ" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

"మనం చూసేం కదమ్మా" అన్నారు.

ఆ పేరు చెల్లదని ఆవిడే వ్యాసం రాశారు. పంపిన సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని, వాళ్లమ్మగారిని పూడ్చిన వాళ్ల ఊరి సమాధుల దొడ్డికి వెళ్లారు. వానలకు నీళ్లు నిలిచి, గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. దిబ్బలన్నీ ఒకేలా ఉన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని కాసేపు ఇటు, కాసేపు అటు నడిచారు. చివరికి ఎటు తిరగాలో తెలియక, ఆ నీళ్ల మధ్యనే నిలబడి, చిన్నగా "అమ్మా" అన్నారు.