కారు గాలి కోసం బావతో తగాదా

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంత చూస్తే కొండంత రాసే రకం. మా ఇంట్లో ఇది అందరికీ తెలిసిన జబ్బే. వానొస్తా ఉండాదని నేను కేక వేస్తే, మా అక్క ముందు బయటికొచ్చి ఆకాశం చూసి, చెయ్యి చాచి చూసి, అప్పుడు గానీ దండెం మీద బట్టలు తియ్యదు. నేను పామును చూశానంటే వానపామని సర్దుకుంటుంది. అందుకని ఇందులో కొలతలు నమ్మొద్దు. ఒక్కచోట మాత్రం కొలత పెంచడంతో ఆగలేదు, అసలు లేనిదాన్నే పుట్టించాను. అదేదో చివర్లో నేనే చెబుతాను.

ఆ అక్క మొగుడే మా బావ. ఉదయగిరిలో కాపురం. మర్రిపాడు రోడ్డులో బండరాళ్ళు పోస్తే కంకర చేసే మిషన్ ఒకటి నడిపేవాడు. మనిషి ఆరడుగులు, గొంతు అరమైలు. కొండ కింద నిలబడి తుమ్మితే పైనున్న కోతులు ముందుజాగ్రత్తగా పిల్లల్ని చంకనేసుకుని కలిగిరి బస్సెక్కేవి. నేనుండేది ఆత్మకూరులో, బస్టాండు దగ్గర జిరాక్స్ అంగడి. ఇద్దరం కలిసి ఒక పాత డీజిల్ కారు కొన్నాం. ఒక వారం నా దగ్గర, ఒక వారం ఆయన దగ్గర. ఇద్దరు పెళ్ళాల మొగుడి మాదిరి అది ఎక్కడా సుఖపడలేదు.

దానికి టర్బో ఉంది. టర్బో అంటే, ఇంజను వదిలే పొగతో గిర్రున తిరుగుతూ బయటి గాలిని ఇంజనులోకి తోసే చిన్న చక్రం. మామూలు ఇంజను తనకు కావలసింది తను పీల్చుకుంటుంది. టర్బో ఇంజనుకు మాత్రం, కొత్తల్లుడికి అత్తగారు వడ్డించినట్టు, వద్దంటున్నా గాలి కుక్కుతారు.

ఒకసారి కొండాపురంలో పెళ్ళికి పోయాం. మేము బంతిలో కూర్చుని తింటుండగా బయట ఎవరిదో కారు బయల్దేరుతూ బుస్సుమని బుస కొట్టింది. మా బావ చేతిలో పప్పన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఆ ముద్ద ఎండి, దాని మీద చీమలు ఊరు కట్టి, సర్పంచిని ఎన్నుకున్నాక గానీ ఆయన ఈ లోకంలోకి రాలేదు.

“రేయ్ బామ్మర్దీ, ఆ బుస విన్నావా?”

“విన్నాను బావా. నా పక్కనున్న పెద్దాయన పామనుకోని విస్తరి వదిలేసి పొయ్యినాడు.”

“మన కారుకు ఆ బుస కావాలరా.”

విచారిస్తే, ఇంజనులోకి గాలి పోయే దారి మార్చాలన్నారు. కారుతోపాటు వచ్చిన నల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది, దాని లోపల దుమ్ము ఆపే కాగితం ఫిల్టరు. దాన్ని అట్టాగే ఉంచి కొత్త కాగితం వేసుకోవచ్చు. లేదంటే అదే డబ్బాలో, కడిగి నూనె పూసి మళ్ళీ వాడుకునే నూలు ఫిల్టరు పెట్టుకోవచ్చు. ఇవేవీ కాదంటే డబ్బానే పీకేసి, గొట్టం చివర ఐస్‌క్రీమ్ కోను లాంటి ఫిల్టరు బిగించొచ్చు. దాని మీద మూతా ముసుగూ ఉండవు. బుస కావాలంటే అదే.

బావ కోను పక్షం, నేను నూలు పక్షం. ఆ ఎండాకాలమంతా ఫోన్లో వీడియోలు చూసుకుంటూ కొట్లాడుకున్నాం. రాత్రి ఆయన ఒకటి పంపితే తెల్లారి నేను దానికి విరుగుడు పంపేవాణ్ణి.

“డబ్బాలో మూసిన గాలీ ఒక గాలేనా? కోడిపిల్లను గంప కింద కమ్మినట్టు,” అనేవాడు.

“మూత లేకుంటే ఇంజను వేడినే పీలుస్తాది బావా. పైగా మన రోడ్డు దుమ్ము. ఆ దుమ్ముకు టర్బో రెక్కలు అరిగిపోతాయి.”

“ఇరవై ఏండ్లుగా కంకర దుమ్ములోనే ఉండాను. నేనేమన్నా అరిగిపొయ్యినానా?”

అని దగ్గేవాడు. ఆ దగ్గు ఆ ఇంట్లో గోడ గడియారం లాంటిది. మోగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ వినరు.

చివరికి కోనే గెలిచింది. పార్సిల్ వచ్చిన అట్టపెట్టె ఎంతుందంటే, పెళ్ళికొడుకును అందులో కూర్చోబెట్టి ఊరేగించవచ్చు. ఆత్మకూరులో బిగించుకుని ఉదయగిరికి బయల్దేరాం. బుస వచ్చింది. అబద్ధం కాదు, నిజంగానే వచ్చింది. దారిలో కనబడిన ప్రతి గేదెకూ కారు ఆపించి వినిపించాడు మా బావ. మర్రిపాడు దాటాక కంకర లారీ ఒకటి ముందు తగులుకుంది. అది రేపిన దుమ్ముకు చీకటి పడిందనుకుని కోళ్ళు గూళ్ళకు చేరాయి.

“ఆపరా,” అన్నాడు బావ.

దిగి బోనెట్ ఎత్తాడు. భుజం మీది తువ్వాలు తీసి, సీసాలో నీళ్ళతో తడిపి, పిండి, తలంటిన బిడ్డకు చుట్టినట్టు ఆ కోనుకు చుట్టి ముడి వేశాడు. కంకర మిషన్ దగ్గర అందరూ చేసే పనే అది. తడి తువ్వాలు ముక్కుకూ మూతికీ కట్టుకుంటే ఎంత దుమ్మైనా లోపలికి పోదని వాళ్ళ నమ్మకం. మా బావ అన్నేళ్ళూ ఆ తువ్వాలును నమ్ముకునే రాళ్ళు కొట్టించాడు.

“మనిషికి పనికొచ్చింది మిషన్‌కు పనికిరాదా?” అన్నాడు.

కారు కదిలింది. ఎక్కిన కాసేపటికే టర్బో ఆ తువ్వాలును గుంజుకుని కోనుకు అంటించేసింది. గాలి ఆడక ఇంజను ముసలెద్దులా రొప్పింది. వెనకాల నల్లటి పొగ లేచింది. ఇంకో రెండు మలుపులు కూడా తిరగకుండా నడిరోడ్డు మీద ఆగిపోయింది. నేను నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, ఏడాదికి సరిపడా ఎకసెక్కాలు నోట్లో వరుస కట్టి నిలబడ్డాయి. బావ తువ్వాలు విప్పాడు. బయటివైపు ఎంత దుమ్ముందో లోపలివైపూ అంతే ఉంది. కోను మడతల్లోకి ఎర్రటి బురద దిగి ఉంది.

ఆ తువ్వాలును రెండు చేతుల్తో పట్టుకుని, ఈ పక్కా ఆ పక్కా తిప్పి చూశాడు.

“ఇది ఆపదన్నమాట,” అన్నాడు, నాతో కాదు.

నా నోట్లో ఎకసెక్కాలు అట్టాగే మింగేశాను. తువ్వాలు కట్టుకుని కారు రెండు మలుపులు పోలేకపోయింది. ఈయన దాన్ని కట్టుకునే ఇరవై ఏళ్ళు నడిచాడు.

ఆ నెలలోనే అక్క పట్టుబట్టి నెల్లూరు తీసుకుపోయింది, నేనే బాడుగ కారు నడిపాను. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించాడు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుందని, ఇక బాగయ్యేది కాదని, మిగిలిందాన్ని కాపాడుకోవడమేనని అన్నాడు. ఇక్కడ నేనేమీ పెంచలేదు. పెంచడానికి చోటు లేదు.

ఉదయగిరి ఇంట్లో మంచం పక్కకు ఆక్సిజన్ మిషన్ వచ్చింది. దాని నుంచి సన్నటి గొట్టం బావ ముక్కుకు. అరమైలు గొంతు మంచం చివరిదాకా కూడా పోవడం మానేసింది. ఆ మిషన్‌కూ వెనకవైపు ఒక ఫిల్టరు ఉంది, స్పాంజీ ముక్క. అక్క దాన్ని కడిగి నీడన ఆరబెట్టేది.

“చూసినావంట్రా, నువ్వు చెప్పిన కడుక్కునే ఫిల్టరు నాకే వచ్చింది,” అన్నాడు బావ. అన్నాక చాలాసేపు రొప్పాడు. జోకు వేయడానికి ఆయనకు అంత ఖర్చవుతోంది.

అవతల కారు కూడా గాలి లేకుండా పడి ఉంది. ఆ కోను ఇంక పనికిరాదు. ఏదో ఒకటి మళ్ళీ ఎంచుకోవాలి. ఫోను పట్టుకుని ఆయన మంచం మీద కూర్చున్నాను. చెబితే నవ్వుతారు, ఈసారి కోను పక్షం నేను. ఆయనకు దాని మీద ఆశ ఉంటే చాలుననిపించింది నాకు.

“బావా, ఈ కొత్తదానికి చుట్టూ రేకు కవచం ఉండాది. వేడి తగలదు. బుస కూడా ముందటిదాని కంటే గట్టిగా వస్తాదంట.”

“వద్దులేరా.”

“పోనీ నూలుది?”

“దానికి నూనె పుయ్యాల. నువ్వు ఎక్కువ పూసి, గాలి కొలిచే సెన్సరు పాడు చేస్తావు. పాత డబ్బానే పెట్టి కాగితందే వెయ్యి. మూత గట్టిగా బిగించు. క్లిప్పులన్నీ పడినాయో లేదో చేత్తో తడిమి చూడు.”

“మరి బుస?”

“బుస ఎందుకురా. దుమ్ము లోపలికి పోకుంటే చాలు దానికి.”

పెళ్ళయిన నాటి నుంచీ ఆయన ఔనంటే కాదనే అక్క, వంటింట్లోంచి, “ఆయన చెప్పినట్టు చెయ్యి అబ్బయా,” అంది.

మూత ఉండాలన్న నా పాత మాటే నెగ్గింది; జన్మలో మా బావ మీద నేను గెలిచిన తగాదా అదొక్కటే. లేచి వసారాలోకి వచ్చేశాను. కళ్ళలో దుమ్ము పడిందని చెప్పాను. అప్పటికి ఆ ఇంట్లో దుమ్మెక్కడిది? అక్క గడియకోసారి తడిగుడ్డతో నేల తుడుస్తోంది.

కాగితం ఫిల్టరు వేయించాను. తర్వాత ఒకనాడు, ముందురోజు వాన పడి రోడ్డంతా అణిగి ఉన్నప్పుడు, బావను ముందుసీట్లో కూర్చోబెట్టుకుని ఆత్మకూరు దాకా పోయాం. అద్దాలు దించేశాం. ముక్కుకు గొట్టం లేదు. కొండ మలుపు దగ్గర ఇంజను మీద చెవి పెట్టినట్టు ముందుకు వంగాడు.

“బాగా పీలుస్తా ఉండాదిరా.”

“ఎట్టా తెలుస్తాది బావా? చప్పుడే లేదు గదా?”

“చప్పుడు లేకుంటేనే బాగా పీల్చినట్టు.”

ఆత్మకూరులో నాలుగు దోసెలు తిన్నాడు. అంగడతను పిండి అయిపోయిందని చేతులు జోడించాడు.

నేను పుట్టించింది ఇదే. ఈ ప్రయాణం. కోతులూ చీమలూ ఉన్నవే, కొంచెం ఒళ్ళు చేశాయి, అంతే. ఈ ప్రయాణం మాత్రం జరగనే లేదు. బావ మళ్ళీ ఆ కారు ఎక్కకుండానే పోయాడు.

జరిగింది ఇది. కాగితం ఫిల్టరు వేయించుకుని ఉదయగిరి పోయి, కారు ఇంటి ముందు ఆపాను. ఆక్సిజన్ గొట్టం గడప దాకానే వచ్చింది. బావ వాకిలి పట్టుకుని గడప లోపల నిలబడ్డాడు. నేను బోనెట్ ఎత్తి డబ్బా చూపించాను. ఒక్కో క్లిప్పూ చేత్తో తడిమి చూపించాను. తల ఊపాడు. లోపల కూర్చుని స్టార్టు చేసి ఆక్సిలేటర్ తొక్కాను. బావ చెయ్యెత్తాడు. నచ్చిందనుకున్నాను. ఇంకా గట్టిగా తొక్కాను. చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

అక్క వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. “ఆపమంటా ఉండాడు అబ్బయా! పొగ లోపలికి వస్తా ఉండాది!”

ఆపేశాను. మళ్ళీ అక్కడ స్టార్టు చెయ్యలేదు. పక్కింటివాళ్ళు ఇద్దరు వచ్చి చెయ్యి వేస్తే, కారును వీధి చివరిదాకా తోసుకుపోయి, అక్కడ స్టార్టు చేసుకున్నాను.