గులాబీ కాగితం మీద సంతకం

జిరాక్స్ మెషిన్‌లోంచి గులాబీ రంగు కాగితం వేడివేడిగా చేతికి తగిలితే చాలు, నాకు అడ్వోవా ఆంటీ గుర్తొస్తారు. ఈ ఉదయం కెనడాలో, మా మిస్సిసాగా మందుల గోదాంలో అదే జరిగింది. కార్మికుల భద్రతా ప్రతినిధికి ఇవాళ ఎన్నిక. ఫలితం గులాబీ కాగితం మీదే రాయాలన్నది ఆవిడ మాకు నేర్పి వెళ్ళిన ఆచారం.

ఆవిడది ఘనా దేశంలోని కుమాసీ. ఇక్కడ మా షిఫ్టుకు లీడ్, అక్కడ ఒక పార్టీకి పోలింగ్ ఏజెంటు. అక్కడ బూత్ ఫలితాన్ని గులాబీ కాగితం మీద రాసి, ఓడినవాళ్ళ చేత కూడా సంతకం పెట్టిస్తారట. హైస్కూలు చదువుకు ఫీజు ఉండకూడదన్నది ఆ పార్టీ పెద్ద వాగ్దానం. ఆ మాట చెప్పి వరసగా రెండుసార్లు ఓడారు. ఆ రెండుసార్లూ ఆవిడ బూత్‌లోనే ఉన్నారు. తీరా గెలిచేసరికి కెనడాలో ఉండి ఫోన్‌లో చూసుకున్నారు, పాపం. ఫీజులు పోయాయి, ఇంకోసారి గెలిచారు, ధరలు మండిపోయాక మళ్ళీ ఓడారు.

"గెలిచినవి మాత్రం చెప్పొచ్చుగా ఆంటీ?" అని ఏడిపించేదాన్ని.

"ఓడినవి దాచుకుంటే పాఠం కూడా దాచుకున్నట్టే, సుజాతా" అనేవారు.

ఆ పాఠం నాకూ వచ్చింది. మేము ఫ్రీజర్ గదిలో గంటల తరబడి పెట్టెలు సర్దేవాళ్ళం. మాతో పనిచేసే రోజాకి షిఫ్టు అయ్యాక కారు తాళం తిప్పడానికి వేళ్ళు వంగేవి కావు. మధ్యలో ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికి బ్రేక్ ఇప్పిస్తానని నేను ఎన్నికల్లో నిలబడ్డాను. ఆంటీ తమ ఊరి పద్ధతిలోనే లంచ్‌రూమ్‌లో అందరి ముందూ ఒక్కో ఓటూ పైకెత్తి చూపిస్తూ లెక్కపెట్టారు. నాలుగు ఓట్ల తేడాతో ఓడాను. గెలిచిన డెజ్మండ్‌కి ఫ్రీజర్ గుమ్మం ఎటుందో కూడా తెలియదు!

"ఆ గులాబీ కాగితం మీద నేను సంతకం పెట్టను" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

ఆంటీ పెన్ను నా చేతిలో కుక్కారు. "మా పార్టీ ఓడినప్పుడు నేను పెట్టాను. మా వాళ్ళే తిట్టారు. లెక్క నీ కళ్ళముందే జరిగింది కదా? పెట్టు."

పెట్టాను. అప్పుడడిగారు: "లంచ్‌రూమ్‌లో టేబుల్స్ ఎన్ని?"

"ఏడు."

"నువ్వు ఎన్నింటి దగ్గర కూర్చున్నావు?"

తెలుగువాళ్ళ టేబుల్ దగ్గరే గోంగూర పచ్చడి పంచుకుంటూ, ప్రచారమంతా తెలుగులో కానిచ్చేశాను మరి!

"మేమూ అంతే. మా ఊళ్ళో జనం పోటెత్తితే దేశమంతా మాదే అనుకున్నాం" అని పకపకా నవ్వారు.

ఆ ఏడాదంతా రోజుకో టేబుల్ మార్చాను. బ్రేక్ ఇస్తే పని టార్గెట్ పెంచుతారేమోనని పంజాబీ అన్నలకు భయం. చిన్న చేతులకు సరిపోయే గ్లవ్స్ లేవని జమైకా అక్కల బాధ. టార్గెట్ పెంచనివ్వననీ, గ్లవ్స్ తెప్పిస్తాననీ నా వాగ్దానాల్లో చేర్చుకున్నాను. మళ్ళీ ఎన్నిక వచ్చింది. ఆంటీ ఓటు పైకెత్తినప్పుడల్లా లంచ్‌రూమంతా గొంతు కలిపి లెక్కపెట్టింది. నా పేరు డెజ్మండ్‌ని దాటగానే రోజా కుర్చీ ఎక్కి ఈల వేసింది. గులాబీ కాగితం మీద డెజ్మండే ముందుగా సంతకం పెట్టాడు. నెల తిరక్కుండా బ్రేకులూ, గ్లవ్సూ వచ్చాయి, టార్గెట్ పెరగలేదు. ఫ్రీజర్ తలుపు మీద ఆ నియమాల బోర్డు బిగించిన రోజు నేను నేల మీద నడవలేదు.

ఆంటీ రిటైరై కుమాసీ వెళ్ళిపోయారు. ధరల దెబ్బకి పార్టీ ఓడినప్పుడు నేను ఫోన్ చేశాను. దిగులుగా పలుకుతారనుకుంటే, "మా వాళ్ళు కూడా టేబుల్స్ మార్చాలి" అన్నారు.

ఇవాళ నేను పోటీలో లేను, ఓట్లు పైకెత్తి చూపించే పని నాది. రెండు ఓట్లతో ఓడిన హర్‌ప్రీత్ పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు. నేను డ్రాయర్‌లోంచి పాత గులాబీ కాగితం తీసి ఆమె ముందు పెట్టాను. గెలిచినది కాదు, నాలుగు ఓట్లతో ఓడినది. కింద వంకరటింకరగా నా సంతకం.

హర్‌ప్రీత్ ఆ అంకెలు చదివింది. కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టింది.

"రేపు లంచ్‌కి ఏ టేబుల్ దగ్గర కూర్చుంటున్నావు?" అని అడిగాను.