ఒడిలో రీళ్ల పెట్టె

మోత్కూరు బస్సులో ఆ పాత రీళ్ల టేపురికార్డరు నా ఒడిలో బరువుగా ఉంది. నాలుగైదు మిషన్లు చూసి, రీలులోని గొంతును పలికించే హెడ్డు అరగనిదాన్ని ఏరి కొన్నాను. చనిపోయిన మా బాపు పాడిన రీలొకటి ఇంట్లో ఉంది. దాన్ని వినాలని ఆరాటం.

పక్కన గొంగడి కప్పుకున్న పెద్దమ్మ ఆ పెట్టెను చూసి ఎందుకని అడిగింది. పోయిన మా బాపు పాట వినడానికని చెప్పగానే దూరం జరిగింది.

"మా ఆయన గొర్లను పిలిచే పిలుపు గిసుంటి దాంట్లనే ఒక సారు పట్టుకపోయిండు బిడ్డా. ఆయన సచ్చిపోయినంక మల్లొచ్చి మాకు వినిపిచ్చిండు. మంద మొత్తం మేత ఇడిసిపెట్టొచ్చి పెట్టె ముందట నిలబడ్డది. గొంతు ఆగినా కదల్లే. గా దినం సంది నా కొడుకు పిలిస్తె ఒక్క గొర్రె రాలే. ఆఖరికి మందనే అమ్ముకున్నం."

"గొర్లకేం తెలుస్తది పెద్దమ్మా" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. "మీ ఇంట్ల మీ బాపు కోసం ఇంక ఎవలన్న ఎదురుచూస్తున్నరా?"

అంతలో ఆమె ఊరొచ్చింది, దిగిపోయింది.

మా అవ్వకు, అంటే బాపు తల్లికి, మతిమరుపు. కొడుకు పోయిన సంగతి మరిచి, రోజూ పొద్దుగూకే వేళ గడపలో కూర్చుంటుంది.

ఇప్పటికీ ఆ హెడ్డును స్పిరిటుతో తుడుస్తాను, మోటారుకు నూనె చుక్క వేస్తాను. రీలు మాత్రం ఒక్కసారీ ఎక్కించలేదు.

నిన్న తుడుస్తుంటే అవ్వ గడపలోంచి లేచి వచ్చి, రీలు లేని ఆ పెట్టె ముందు నిలబడింది. ఎంత పిలిచినా కదల్లేదు.