దుకాణానికి తెచ్చిన టీవీ

మా ఇంటి గోడ మీది టీవీని నేనే విప్పించాను. యాభై అయిదు అంగుళాలది. గౌడవెల్లి నుంచి మేడ్చల్ దాకా ట్రాలీ ఆటోలో రెండు పరుపుల మధ్య నిలబెట్టి, దారి పొడుగునా దాన్ని పట్టుకుని కూర్చున్నాను. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా డ్రైవరును తిట్టాను. దుకాణం ముందు దించేసరికి నా గొంతు బొంగురుపోయింది.

మా ఆయనది ఫ్లెక్సిల డిజైను పని. ఆయన కంప్యూటర్లో తయారుచేసి పంపితే సూరారంలో ఒక భాయ్ ప్రింటింగు మిషను మీద కొట్టి పంపిస్తాడు. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, లీడర్లకు స్వాగతాలు, చనిపోయినవాళ్లకు నివాళులు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఏం జరిగినా ముందు ఫ్లెక్సి లేవాలి. పైన పెద్ద ఫొటో, కింద వరసగా గుండ్రటి ఫొటోలు. ఆ కింది వరసలో ఎవరి పక్కన ఎవరుండాలో తప్పితే ఊళ్లో పంచాయితీ అవుతుంది. ఎవరికెవరితో మాటల్లేవో మా ఆయనకు కంఠతా వచ్చు.

ఆయనకు షుగరు చాలా ఏళ్లుగా ఉంది. పోయినేడు అక్షరాలు అలుక్కుపోతున్నాయన్నాడు. కంటి ఆసుపత్రికి నేనూ వస్తానంటే వద్దని ఒక్కడే వెళ్లాడు. కంటి వెనక పొర కొంచెం దెబ్బతిన్నదనీ, సూదులు వేస్తారనీ, అక్షరాలు పెద్దగా పెట్టుకుంటే పనికి ఢోకా లేదన్నారనీ వచ్చి చెప్పాడు. నేను నమ్మాను. ఆ పని లేకపోతే ఆయన ఏమైపోతాడో నాకు తెలుసు. ఒక్క ఆదివారం దుకాణం మూస్తే సాయంత్రానికి అన్నం సయించని మనిషి. ఆ కళ్లున్నన్నాళ్లే ఆ కుర్చీ. ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లే ఆయన మనిషిగా ఉంటాడు. అందుకే కంప్యూటరుకు తగిలించడానికి టీవీని తెచ్చాను. నా సీరియళ్లు గంగలో కలిసినా ఫరవాలేదనుకున్నాను.

బల్ల మొత్తం టీవీయే అయింది. కీబోర్డుకు ఇంకో స్టూలు వేశాం. వైరు తగిలించగానే మౌసు బాణం నా బొటనవేలంత కనపడింది. అక్షరాలు అరచేయంత. వచ్చినవాళ్లంతా ఏం సినిమా ఆడుతోందని ఆయన్ను ఆటపట్టించేవాళ్లు. ఆయన నవ్వేవాడు. ఇంత చిన్న ఉపాయం ఆ డాక్టరుకు తట్టలేదు, నాకు తట్టింది అని నేను లోపల్లోపల మురిసిపోయాను.

నెల తిరగకముందే ఒక పుట్టినరోజు ఫ్లెక్సిలో కింది వరస చివర ఫొటో లేదు. గుండ్రం ఉంది, లోపల మనిషి లేడు. ఆ లేని మనిషి వార్డు మెంబరు. ఆయన బండి మీద వచ్చి కావాలనే చేశారని లొల్లి పెట్టాడు. కొత్త ఫ్లెక్సి కొట్టిచ్చి పంపాక నేను తెర ముందు కూర్చుని పరీక్షగా చూశాను. కంప్యూటరులో అడుగున ఉండాల్సిన పట్టీ సగమే కనపడుతోంది. టీవీ బొమ్మను కాస్త సాగదీసి నాలుగు వైపులా అంచులు మింగేస్తోంది. రిమోటు పట్టుకుని పూటంతా ఒక్కో మీటా నొక్కాను. బొమ్మ సైజు మార్చేది ఎక్కడో లోపల దొరికింది. అది మార్చగానే దాక్కున్నదంతా బయటపడింది. చూశావా, తప్పు నీది కాదు, ఈ దిక్కుమాలిన టీవీది అన్నాను. అవునన్నట్టు తలూపాడు.

మూడు నెలలు గడిచాక దేవరయాంజాల్ నుంచి నివాళి ఫ్లెక్సి గిరాకీ వచ్చింది. ఇద్దరు అన్నదమ్ముల్లో పెద్దాయన పోయాడు. ఇంట్లోవాళ్లు ఫోనులో రెండు ఫొటోలు పంపి, మీసాలున్నాయన పోయినాయన, మీసాలు లేనాయన తమ్ముడు, ఆయన్ను కింద పెట్టండి అని చెప్పారు. పొద్దున పదికి ఫైలు సూరారం వెళ్లింది. మధ్యాహ్నానికల్లా ఫ్లెక్సి వాళ్ల గల్లీ మొదట్లో లేచింది.

మూడింటికి ఆ ఫ్లెక్సిని చుట్టి చంకలో పెట్టుకుని ఒకాయన దుకాణంలోకి వచ్చాడు. తెల్ల పంచె, మీద తువ్వాలు, అన్నను సాగనంపి వచ్చిన మనిషి. నేలమీద పరిచాడు. పైన దండలో, దీపాల మధ్య ఉన్నది ఆయన ముఖమే.

"నేను బతికే ఉన్న అన్నా" అన్నాడు మా ఆయనతో. "మా అవ్వ గిది జూసి రెండో కొడుకు గూడ పోయిండనుకున్నది. కూలవడ్డది, ఇంకా లేస్తలేదు."

ఆ తమ్ముడు కేకలేసి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. ఆయన వేయని కేకలు నేను వేశాను. ఇంతింత అక్షరాలు, ఇంతింత ముఖాలు పెట్టుకుని ఏం చేస్తున్నావని పరాయి మనిషి ముందే మా ఆయన్ను కడిగేశాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ను కాపాడుకోవడానికే అరిచానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. నాకు సిగ్గేసింది, అదీ నిజమే.

ఆ తమ్ముడు వెళ్లిపోయాక ఆ రెండు ఫొటోలూ తెర మీద పక్కపక్కనే ఉన్నాయి. నేను గడప దగ్గర నిలబడే చూశాను. ఒకరికి గుబురు మీసాలు, ఒకరికి నున్నటి మూతి. అంచులు ఎక్కడా తెగలేదు. ఇక తిట్టడానికి టీవీ కూడా మిగల్లేదు.

బయటికి వచ్చి సూరారం భాయ్‌కు ఫోను చేసి, కొట్టేముందు ఒక్కసారి చూసుకోకూడదా అని అడిగాను.

"భాభీ, మూడు నెలల సంది తప్పులన్ని నేనే సరిజేసి కొడుతున్న" అన్నాడు. "గా ఇద్దరన్నదమ్ములను నేనెరుగ. గందుకే తెల్వలే."

ఎక్కడో సూరారంలో మిషను నడిపే మనిషికి తెలిసింది. ఒకే కంచంలో తినే నాకు తెలియలేదు.

లోపలికి వెళ్లి కంప్యూటరులో పాత ఫొటోల్లోంచి నాది ఒకటి తెరిచాను. శామీర్‌పేట చెరువు కట్ట మీద ఆయనే తీసింది. నేను పసుపు చీరలో నవ్వుతూ ఉంటాను. ఆయనకు చాలా ఇష్టమైన ఫొటో. టీవీ నిండా నా ముఖం ఒక్కటే వచ్చేలా పెద్దది చేసి, కొత్త గిరాకీ వచ్చింది చూడు అన్నాను.

ఆయన కుర్చీ సర్దుకుని తెర వైపు తిరిగాడు. చేయి కీబోర్డు మీదికి దానంతటదే పోయింది.

"ఎవరో ఆడామె" అన్నాడు. "నివాళికా, బర్త్‌డేకా?"

జవాబు చెప్పలేకపోయాను. నేను మాట్లాడకుండా ఉండటం ఆయన ఎరగడు, అందుకే తెలిసిపోయినట్టుంది.

"నువ్వేనా?" అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూనే నిలదీస్తే అంతా చెప్పాడు. రెండు కళ్లలోనూ నడిమి చూపు పోయిందని, ఇక రాదని, పక్క చూపు ఉన్నన్నాళ్లు ఉంటుందని ఆసుపత్రిలో మొదటే చెప్పారట. టీవీ పెట్టిన రోజే అది అక్కరకు రాదని ఆయనకు తెలిసిందట. అక్షరాలు పక్కచూపుతో కూడబలుక్కుని, చేతి అలవాటు మీద నెట్టుకొచ్చాడట. ముఖాలే ఎంత పెద్దవి చేసినా అందలేదట.

"గంత దూరం పట్టుకొని తెస్తివి" అన్నాడు. "పనికొస్తలేదని ఎట్ల చెప్పాలె?"

ఇక దుకాణం మూయాల్సిందేనని ఇద్దరికీ తెలుసు. నేను లేచి టీవీ ఆపబోతే ఆపొద్దన్నాడు. కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకుని, ముఖాన్ని పూర్తిగా షట్టరు వైపు తిప్పి, అలాగే కదలకుండా కూర్చున్నాడు.

"గిట్ల అటు జూస్తే జర కనవడతవు" అన్నాడు.

ఎన్ని నెలల నుంచో నేను మాట్లాడుతుంటే ఆయన ముఖం పక్కకు తిప్పుకుంటున్నాడు. నా మాట చేదైందని, నేనంటే మొహం మొత్తిందని ఇంట్లో ఎన్ని రభసలు చేశానో లెక్కలేదు. రెండు చేతులతో గడ్డం పట్టుకుని, నా దిక్కు చూసి మాట్లాడమని బలవంతంగా తిప్పేదాన్ని. నన్ను చూస్తున్న మనిషిని నేను కనపడకుండా తిప్పానన్నమాట. ఆయన ఒక్కసారి కూడా నా చేయి తోసెయ్యలేదు.