బాలగంగాధరం గారి గవ్వల గది

బాలగంగాధరం గారి నోట్లో తాంబూలం లేని వేళ ఉండొచ్చు గానీ, "కుదరదండీ" లేని వేళ ఉండేది కాదు. అవతలివాడు అడగడం పూర్తికాకుండానే అనేసేవారు.

అమలాపురం మ్యూజియంలో గవ్వల గదికి ఆయన కాపలా. ఎవరూ నియమించలేదు, తనే వచ్చి కూర్చున్నారు. వెనకటి రోజుల్లో ప్రకృతిశాస్త్రం పిచ్చి పట్టిన కాలవల ఇంజనీరు ఒకాయన అంతర్వేది మొదలు తీరమంతా నడిచి ఏరిన గవ్వలూ, శంఖాలూ, ఆల్చిప్పలూ ఆ గదిలో ఉన్నాయి. వాటి మీద ఈగ వాలాలన్నా ఈయన అనుమతి కావాలి.

ఒకసారి అచ్చయమ్మ గారు వచ్చి, "అన్నయ్యగారూ, వ్రతానికి ఓ శంఖం ఇప్పించండి. ఊదేసి సాయంత్రానికి ఇచ్చేస్తాను" అన్నారు.

"కుదరదండీ. ఇంజనీరుగారు దాన్ని ఊదడానికి ఏరలేదు."

"మరెందుకు ఏరేరు?"

"అడుగుదామంటే ఆయన లేరు. అందాకా కుదరదు."

స్వరాజ్యం వచ్చిన కొత్తలో మద్రాసు నుంచి ఒక ఆఫీసరు దిగాడు. గవ్వలన్నీ అక్కడికి తరలించాలట.

"కుదరదండీ."

"ప్రభుత్వ ఉత్తర్వుందయ్యా!"

"ఉత్తర్వు మద్రాసులో పుట్టింది. గవ్వలు ఇక్కడ పుట్టేయి."

"నీ ఉద్యోగం తీయించేస్తాను."

"ఆయ్, ముందు ఇప్పించండి మరి."

ఆఫీసరుకు రెండు కొబ్బరిబొండాలు తాగించి, రేవు దాకా వెళ్లి, కోటిపల్లి పడవ కదిలేవరకూ నిలబడి వచ్చారు.

హైస్కూల్లో సైన్సు చెప్పే ప్రభాకరరావు ఈ కథలన్నీ విని పగలబడి నవ్వేవాడు, తన దాకా వచ్చేవరకూ.

అతని నాలుగేళ్ల కూతురు బుజ్జమ్మ టైఫాయిడుతో మంచం పట్టి లేచింది. జ్వరం పోయింది, నడక రాలేదు. నడిపించమని డాక్టరు చెప్పాడు. కానీ పిల్ల మోకాళ్లు కొంచెం వణికితే తండ్రివి ఇంకా వణికేవి. గబుక్కున చంకనెత్తుకుని, జేబులోంచి థర్మామీటరు తీసేవాడు. ఒక సాయంత్రం బుజ్జమ్మ గవ్వలు చూస్తానంది.

గుమ్మంలోనే బాలగంగాధరం గారు కర్ర అడ్డం పెట్టారు.

"చంకనెక్కినవాళ్లకి ప్రవేశం కుదరదండీ."

"జ్వరం పడి లేచిన పిల్లండీ!"

"జ్వరం తగ్గింది కదా? కాళ్లెక్కడికి పోయేయి?"

"మీకు మనసు లేదా?"

"ఉందండీ. లోపల పెట్టి తాళం వేసేను."

అని ఓ పెద్ద తెల్లశంఖాన్ని పిల్లకు చూపించి, "ఇందులో సముద్రం ఉందమ్మా. నువ్వు నడిచొస్తే నీ చేతికిస్తాను" అన్నారు. దాన్ని తీసుకెళ్లి గది చివర పీట మీద పెట్టారు. ప్రభాకరరావు మండిపడుతూ ఇంటికొచ్చేశాడు. ఆ రాత్రి బుజ్జమ్మ శంఖం కోసం పెట్టిన ఏడుపుకి వీధి వీధంతా మేలుకుంది.

మర్నాడు మళ్లీ తీసుకొచ్చేసరికి, గుమ్మం దగ్గరే తండ్రి చంకలోంచి పిల్ల జారి దిగింది.

"పడిపోతుందండీ!" అని అతను ముందుకు దూకబోయాడు. కర్ర అడ్డం పడింది.

"పడనివ్వండి. మీరు గుమ్మం దాటడం కుదరదు."

బుజ్జమ్మ ఒక అడుగేసింది. ఇంకొకటి వేసి పడింది. దెబ్బ తగిలిన చప్పుడు రాలేదు. అప్పుడు చూశాడు ప్రభాకరరావు. గుమ్మం నుంచి పీట దాకా నేలంతా మెత్తగా కొబ్బరిపీచు పరిచి ఉంది. గోడవార పెట్టెలన్నీ నోళ్లు తెరుచుకున్నాయి. ఇంజనీరుగారు పీచు పక్కలు వేసి పడుకోబెట్టిన గవ్వలు, ఎవర్నీ ముట్టనివ్వని ఆ గవ్వలు, ఉత్త బల్ల మీద ఒకదానికొకటి ఒరుసుకుంటూ పడున్నాయి. వాటి కింది పీచంతా బాలగంగాధరం గారు లాగేశారు.

బుజ్జమ్మ లేచింది. మళ్లీ పడింది. లేచి, పీట చేరి, శంఖాన్ని రెండు చేతులా పట్టుకుని చెవికి ఆనించుకుంది.

"అది సముద్రం కాదమ్మా, బయటి చప్పుడే లోపల..." అని ప్రభాకరరావు మొదలుపెట్టాడు.

"ఉష్! మాట్లాడకు నాన్నా. సముద్రం ఏదో చెప్తోంది."

"ఏం చెప్తోందమ్మా?" అడిగారు బాలగంగాధరం గారు గొంతు తగ్గించి.

"నన్ను ఎత్తుకోవద్దంటోంది."

అప్పటికే ముందుకు చాచిన చేతుల్ని ఏం చేయాలో తోచక, ప్రభాకరరావు వంగి నేలమీది పీచు ఏరడం మొదలుపెట్టాడు.