డెల్బర్ట్ చాప్స్ ఎవరు కట్టుకున్నారు?

మే నెల వచ్చినా కొండల మీంచి దిగే గాలి ఇంకా మెత్తబడలేదు. ఆర్లిస్ చీపురు కోసం షెడ్డులోకి వెళ్లి, చీపురు సంగతి మరిచి మేకు ముందు నిలబడిపోయింది. మేకుకి వేలాడుతున్న భర్త డెల్బర్ట్ చాప్స్ తడిగా ఉన్నాయి.

ప్యాంటు మీద కట్టుకునే తోలు తొడుగులవి. ముందూ పక్కలా తోలు, వెనక ఖాళీ, నడుముకి బెల్టు. అవి లేకుండా ఆ ఊళ్లో ఎవరూ మోటర్‌సైకిల్ ఎక్కరు. ఎక్కితే చలి ఎముకల్లోకి దిగుతుంది. నిరుడు అక్టోబరులో జింక అడ్డం వచ్చి డెల్బర్ట్ పడిపోయినప్పుడు అతని కాళ్ల మీద ఒక్క గీత పడలేదు. దెబ్బంతా తలకే, దానితోనే పోయాడు. ఆస్పత్రివాళ్లు సంచిలో పెట్టి ఇచ్చిన చాప్స్‌ని ఆర్లిస్ తుడవనైనా తుడవకుండా మేకుకి తగిలించింది. అతని మోకాళ్ల ముడతలు వాటిలో అలాగే ఉండిపోయాయి. కోట్లూ బూట్లూ చర్చికి ఇచ్చేసింది గాని, వీటిని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆమె గోధుమ పొలాల నుంచి పెళ్లికూతురిగా వచ్చింది. బండి నడపడం రాదు, నేర్చుకోనూ లేదు. కానీ వేసవి వస్తే ఊరందరి చాప్స్ ఆమె కుట్టుమిషను కిందికే వచ్చేవి. కొత్త చాప్స్ ఎప్పుడూ పొడుగ్గానే వస్తాయి. మనిషిని తన బండి మీద కూర్చోబెట్టి కొలిచి కత్తిరించాలి. నిలబెట్టి కొలిస్తే, కూర్చోగానే తోలు పిక్కల మీదికి ఎగబాకుతుంది.

తడి చూసిన క్షణాన ఆమె అనుమానం పక్కింటి లాయిడ్ మీదికి పోయింది. పడిపోయిన డెల్బర్ట్ బండిని ఈ షెడ్డులోనే చలికాలమంతా బాగుచేసినవాడు అతనే. షెడ్డు తాళంచెవి ఒకటి అతని దగ్గర ఉంది. బండి అమ్మిపెడతానన్నాడే గాని ఒక్క బేరగాణ్ణీ తేలేదు. ఎందుకు తేలేదు? ఆమె చాప్స్ బెల్టు మీదుగా సన్నటి కుట్టుదారం పరిచి వచ్చింది. మర్నాడు దారం నేల మీద ఉంది. తోలు మీద బండి వేగానికి చితికిన పురుగుల మరకలు కొత్తగా పడ్డాయి. డాక్టరిచ్చిన నిద్రమాత్రలు మింగి పొద్దెక్కేదాకా పడుకుంటున్న తనని చూసి, దొంగకి భయం పోయిందనుకుంది. కూతురు ట్రీనాకి చెబుదామనుకుంది గాని, ఆ పిల్ల తండ్రి పోయాక ఉద్యోగం మార్చుకుని వచ్చి తల్లి దగ్గరే ఉంటోంది. పొద్దున్నే వాగు గట్టున నడిచొచ్చి ఇంత ముద్ద తింటోంది. దాని మనసెందుకు పాడుచెయ్యడమని ఊరుకుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి కింది గదిలో అందరూ కాఫీ తాగుతుండగా లాయిడ్ ఎదురుగా వెళ్లి నిలబడింది.

"పోయినవాడి చాప్స్ వెచ్చగా ఉన్నాయా, లాయిడ్?"

లాయిడ్ కప్పులోకి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మంచి తోలు, ఆర్లిస్. వెచ్చగానే ఉంటాయి," అన్నాడు. అవుననలేదు, కాదనలేదు.

పక్కనున్న స్నేహితురాలు జోన్ మాట తేలిక చెయ్యబోయింది. "వీడు కడితే చిన్నపిల్ల గౌనులా మోకాళ్ల దగ్గరే ఆగిపోవూ? డెల్బర్ట్ వీడి భుజం దాకా కూడా వచ్చేవాడు కాదు కదే!"

లాయిడ్‌కి అవి పొట్టి అవుతాయన్న సంగతి ఆర్లిస్ అంతవరకూ ఆలోచించలేదు. ఆర్లిస్ కాఫీ వదిలేసి ఇంటికి వచ్చి, చాప్స్‌ని కిటికీ వెలుతురులోకి తెచ్చి కింది అంచులు తిరగేసి చూసింది. మడమల వైపు తోలు చివికిపోయి ఉంది. అందులో కంకర నలుసులు ఇరుక్కున్నాయి. కట్టుకున్న మనిషి డెల్బర్ట్ కన్నా పొట్టి, అంచులు మడమల కింద తొక్కుకుంటూ నడిచి ఉండాలి. నడుము తండ్రిది, కాళ్లు తల్లివి అని ఊరంతా ఎవరిని అంటుందో ఆమెకు వెంటనే తట్టింది.

ఆ రాత్రి మాత్ర మింగలేదు. తెల్లారకముందే చాప్స్ మళ్లీ మేకుకి తగిలించి, షెడ్డులో పీట వేసుకు కూర్చుంది. ట్రీనా తలుపు తోసుకుని వచ్చి, లైటు వెయ్యకుండానే అలవాటుగా చాప్స్ అందుకుని కట్టుకుంది. తర్వాత లైటు వేసి, తల్లిని చూసి, బండికి చేరబడిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మంచు కరిగినప్పటి నుంచి. లాయిడే నేర్పాడమ్మా. నీకు నేనే చెప్పుకోవాలన్నాడు, తను చెప్పనన్నాడు."

"ఎక్కడికి పోతున్నావు? ఎవడున్నాడు అక్కడ?"

"జింకలున్నాయి." ట్రీనా నడుం బెల్టు సర్దుకుంది. "నాన్న పడ్డ మలుపు దాకా పోయి వస్తున్నాను. కారులో పోతే నాన్నకి అక్కడ ఎలా ఉండిందో నాకేమీ తెలియట్లేదు."

ఆర్లిస్ చెయ్యి చాపింది. ట్రీనా బండి తాళంచెవి ఇచ్చేసింది. ఆర్లిస్ దాన్ని పిడికిట్లో బిగించింది. ఇది దాచేస్తే ఈ పిల్ల ఇంకొకరి బండి తెచ్చుకుంటుంది, ఇంకో అబద్ధం ఆడుతుంది. కూతురి మడమ కింద నలుగుతున్న తోలు వైపు చూసింది. బండి ఆపి కాలు కింద పెట్టబోయినప్పుడు ఆ అంచు కాలిపెడల్‌కి చిక్కుకుంటే చాలు, బండితో సహా పక్కకి పడిపోతుంది.

"చర్చిలో అన్న మాటకి క్షమించమని అడగడానికి లాయిడ్ దగ్గరికి సాయంత్రం నేనొక్కదాన్నే పోతాను. నువ్వు బండెక్కి కూర్చో."

సుద్దముక్కా, తోలు కత్తెరా తెచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. తోలు పైకి ఎక్కాక, బూటు మడమ మీదుగా గీత గీసింది.

"అమ్మా, నాన్నవి కదా ఇవి."

"మీ నాన్న కాళ్లు నీకు రాలేదు. కదలకు."

తోలు మొండిది. రెండు చేతులా నొక్కితే గాని తెగలేదు. రెండో కాలు దగ్గర కాసేపు ఆగి, అదీ కత్తిరించింది.

తాళంచెవి మాత్రం వెంటనే ఇవ్వలేదు. హెల్మెట్ పెట్టుకోమంది. పట్టీ బిగించుకున్నానని ట్రీనా అన్నా నమ్మక, గడ్డం కింద వేలు దూర్చి చూసింది. వదులుగా ఉంది. తనే ఇంకాస్త లాగి బిగించి, మళ్లీ వేలు పెట్టి చూసి, అప్పుడిచ్చింది.